ఘనా నుంచి వచ్చాక నడుము చుట్టూ గడ్డలు, లోపల ఏదో కదులుతోంది: ఒక చర్మవైద్యురాలి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఘనాలో కుమాసి దగ్గర ఒక నిర్మాణ సంస్థలో పనిచేస్తున్నారు. మరికొందరు తెలుగువాళ్లతో కలిసి కంపెనీ ఇచ్చిన ఇంట్లో ఉంటున్నారు. సెలవు మీద విజయవాడ వచ్చి వారం కావస్తోంది. బయలుదేరడానికి రెండు రోజుల ముందు నడుము దగ్గర దోమకాట్లలా మొదలైన దద్దుర్లు ఇప్పుడు నాలుగు గడ్డలయ్యాయి. ఒక్కోదాని నడిమధ్య సూదిమొనంత రంధ్రం, అందులోంచి రసి. సెగగడ్డలని ఒక డాక్టరు ఇచ్చిన యాంటీబయాటిక్ ఐదు రోజులు వేసుకున్నా గుణం కనిపించలేదు. రాత్రిళ్లు పొడిచినట్టు నొప్పి, లోపల ఏదో కదులుతున్నట్టు అనుమానం. ఇంట్లో చెబితే నవ్వుతున్నారు. ఇది పురుగేనా, ఒంట్లో పాకుతుందా, పిల్లలకు అంటుకుంటుందా, నేనే పిండి తీసేయవచ్చా అని అడిగారు.

దాదాపు ఖాయంగా పురుగే. ఒంట్లో పాకదు. పిల్లలకు అంటుకోదు. పిండవచ్చు గానీ ఇప్పుడే వద్దు. ముందు దానికి గాలి అందకుండా చేయాలి. ఎందుకో, ఎలాగో కింద చెబుతాను. ఈ రాత్రికి ఇది చదివి పడుకున్నా కొంప మునిగేదేమీ లేదు.

హైదరాబాద్‌లో ప్రాక్టీసు పెట్టకముందు కొన్నేళ్లు ఉగాండాలో, కంపాలాలో పనిచేశాను. అక్కడ వానలు మొదలయ్యాయంటే ఈ గడ్డలతో ఎవరో ఒకరు రాని వారం ఉండేది కాదు. పేరు రాసుకునే అమ్మాయే గడ్డ చూసి, చీటీ మీద ‘మ్యాంగో ఫ్లై’ అని రాసి లోపలికి పంపేది. నేను చేయాల్సిందల్లా చేతి తొడుగులు వేసుకోవడమే. అదే గడ్డతో మన దగ్గర దిగిన మనిషి ఇద్దరు ముగ్గురు డాక్టర్ల చుట్టూ తిరుగుతాడు. డాక్టర్లను తప్పుపట్టలేం. చదువుకునే రోజుల్లో పుస్తకంలో ఒక పేరా చదివి, ఆ తర్వాత ఒక్క కేసూ చూడకపోతే ఎవరికైనా సెగగడ్డే తడుతుంది. అందుకని మీరొక సాయం చేయండి. గదిలోకి అడుగుపెట్టగానే, చొక్కా ఎత్తి చూపించకముందే, ఘనా నుంచి వచ్చానని చెప్పండి. సగం రోగనిర్ధారణ ఆ ఒక్క మాటతో అయిపోతుంది. మీరు మొదట కలిసిన డాక్టరుకు ఆ సంగతి చెప్పారా లేదా అన్నది మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. చెప్పలేదనే నా అనుమానం.

ఈ ఈగ కథ

దీని శాస్త్రీయ నామం కార్డిలోబియా ఆంత్రోపోఫాగా. పశ్చిమ ఆఫ్రికాలో టుంబు ఈగ అంటారు, తూర్పున మ్యాంగో ఫ్లై అంటారు, మలావీ, జాంబియా వైపు పుట్సీ ఈగ అంటారు. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో చాలా భాగం దీని సంచారమే. సెనెగల్‌లో ఫ్రెంచి వైద్యులు 1862లోనే దీని గురించి రాశారు. పసుపు కలిసిన గోధుమరంగులో, మన ఇంటి ఈగ కంటే కాస్త పెద్దగా ఉంటుంది. అది మనల్ని కుట్టదు, మన మీద వాలి గుడ్లు పెట్టదు. ఏళ్ల తరబడి అక్కడ ఉన్నవాళ్లు కూడా ఈగను చూడరు, దాని పిల్లల్నే చూస్తారు.

ఆడ ఈగ నీడపట్టున ఉన్న ఇసుక నేలలో, ముఖ్యంగా మలమూత్రాల వాసన తగిలే చోట, ఒక దఫాకు 100 నుంచి 300 దాకా గుడ్లు పెడుతుంది. అసలు దాని లెక్కలో ఉన్నవి ఎలుకలు, కుక్కలు. మనిషి మధ్యలో దొరికిపోతాడు. నీడలో తడితడిగా వేలాడే బట్ట, అందులో ఉతికినా పూర్తిగా పోని చెమట వాసన, ఈ రెండూ ఉంటే దానికి నేలతో పనిలేదు, దండెమే చాలు. ఒకటి నుంచి మూడు రోజుల్లో గుడ్డు పొదుగుతుంది. పుట్టిన పురుగు మామూలు చూపుకు ఆనదు. తిండి లేకుండా రెండు వారాల దాకా ఆ బట్ట మడతల్లోనే కాచుకుని కూర్చోగలదు. మీరు ఆ బట్ట తొడుక్కున్నప్పుడు ఒంటి వేడి తగులుతుంది, అది చర్మంలోకి దిగుతుంది. గాయం ఉండనక్కరలేదు. దిగుతున్నప్పుడు చాలామందికి తెలియనే తెలియదు.

లోపలికి వెళ్లాక ఎటూ కదలదు. దిగిన చోటే తల లోపలికి, తోక పైకి పెట్టుకుని ఉంటుంది. ఊపిరి తీసుకునే రంధ్రాలు తోక వైపు ఉంటాయి కాబట్టి చర్మానికి ఆ చిన్న కన్నం తెరిచి ఉంచుకోక దానికి తప్పదు. మీకు కనిపిస్తున్న రంధ్రం అదే, కారుతున్న రసి దాని చుట్టూ మీ ఒళ్లు చేస్తున్న పోరాటానిది. ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో అరంగుళం దాకా పెరిగి, తనంతట తానే బయటపడి, మట్టిలోకి దూరి గూడు కట్టుకుంటుంది. మీరు చెప్పిన తేదీలను బట్టి చూస్తే మీ ఒంట్లో ఉన్నవి గడువు చివరకు వచ్చేశాయి. ఏమీ చేయకపోయినా ఇంకో మూడు నాలుగు రోజుల్లో వాటి దారిన అవి పోతాయి. ఇది విని ఊరట పొందుతారో, ఒళ్లు జలదరిస్తుందో మీ ఇష్టం.

యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు తెలిసిపోయి ఉంటుంది. అది బ్యాక్టీరియాకు మందు. పురుగు బతికి ఉన్నంతకాలం ఈ గడ్డల్లో చిక్కటి చీము పట్టడం అరుదు. మీరు రాసినట్టు పలచటి రసి, అప్పుడప్పుడు కొంచెం నెత్తురు జీర, అంతే. సెగగడ్డ అయితే పండుతుంది, పగులుతుంది, తగ్గుతుంది. ఇది పండదు. ఈ ఒక్క తేడా గుర్తుంచుకోండి.

గడ్డలు ఎక్కడున్నాయో చూసి ఏ బట్ట చేసిన పని ఇదో చెప్పవచ్చు. నడుము చుట్టూ ఉంటే లోదుస్తుల ఎలాస్టిక్కో పైజామా నాడానో. వీపంతా ఉంటే బనియను లేదా దుప్పటి. చెంప మీద ఒక్కటే ఉంటే దిండు గలీబు. ఆడవాళ్లకు భుజాల మీద, వీపు మీద పట్టీ వెంబడి వరుసగా వస్తాయి. మా దగ్గరికి వచ్చినవాళ్లను నేను ముందు అడిగే ప్రశ్న ‘మీ బట్టలు ఎవరు ఉతుకుతారు, ఎక్కడ ఆరేస్తారు’ అని. మందుల దుకాణంలో కూడా అడగని ప్రశ్న డాక్టరు అడుగుతోందేమిటని వింతగా చూసేవాళ్లు.

నేను చూసిన వాటిలో ఎక్కువ పురుగులున్న ఒళ్లు ఒక పసివాడిది. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కుటుంబం. కాన్పు సాయానికి వచ్చిన అమ్మమ్మ, డైపర్లు పిల్లవాడికి వేడి చేస్తాయని పాత నూలు చీరలు చింపి పొత్తిగుడ్డలు కట్టేది. రోజూ శుభ్రంగా ఉతికేది. ఎండలో వేస్తే గుడ్డ గట్టిపడి లేత చర్మం ఒరుసుకుపోతుందని పెరట్లో చెట్టు కింద తాడు మీద ఆరేసేది. ఇంట్లో పనిచేసే ఉగాండా అమ్మాయి అన్ని బట్టలూ ఇస్త్రీ చేస్తానని మొత్తుకుంటే, పొత్తిగుడ్డలకు ఇస్త్రీ ఏమిటే అని నవ్వింది. నీడ, తడి, మూత్రం వాసన మూడూ ఒక్కచోట దొరికితే ఈగ వదులుతుందా? పిల్లవాడి పిరుదులు, తొడలు నిండా గడ్డలే. ఆవిడ తప్పేమీ లేదు. తన పిల్లల్ని, మనవల్ని అదే పద్ధతిలో పెంచింది, మన నేల మీద ఆ ఈగ లేదు. ఆ మధ్యాహ్నం నర్సూ నేనూ ఒక్కొక్కటే తీస్తూ కూర్చున్నాం. సగంలో పిల్లవాడు పాలు తాగుతూ నిద్రపోయాడు. అమ్మమ్మ మాత్రం తీసిన ప్రతి పురుగునూ దగ్గరికి వచ్చి చూసి ఒక శాపనార్థం పెట్టింది.

ఇక మీరు చేయాల్సింది

మందుల దుకాణంలో మామూలు పెట్రోలియం జెల్లీ, అదే వాసెలిన్, ఒక డబ్బా తెచ్చుకోండి. సబ్బుతో గడ్డను కడిగి తుడిచి, రంధ్రం కనిపించకుండా పోయేంత మందంగా రాయండి. పైన పలచటి గాజుగుడ్డ వేయండి. గాలి ఆడక పురుగు తోక పైకి నెట్టుకుంటుంది. కొందరిలో అరగంటకే, కొందరిలో కొన్ని గంటలకు. మంచి వెలుతురులో చూస్తే వాసెలిన్‌లో సన్నటి బుడగలు లేస్తాయి. కాసేపటికి రంధ్రంలో తెల్లటిది ఒకటి ఉబికి, దాని మీద రెండు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆ రెండూ దాని ముక్కుపుటాలనుకోండి. అవి కనిపించాక, గడ్డకు రెండు వైపులా బొటనవేళ్లు ఆనించి, కింది నుంచి పైకి, ఒత్తిడి నెమ్మదిగా పెంచుతూ నొక్కితే టుంబు పురుగు సాధారణంగా మొత్తంగా జారి వచ్చేస్తుంది. సగం పైకి వచ్చాక కొన చదునుగా ఉన్న పట్టకారుతో పట్టుకుని మెల్లగా లాగాలి. గుంజకూడదు.

ఈ పని డాక్టరు చేతుల మీదుగా జరిగితే మేలని నా సలహా. మీ గడ్డలు నడుము చుట్టూ ఉన్నాయి, వెనక వైపువి మీకు సరిగా కనిపించవు, చేయి అందదు. ఇంట్లోవాళ్లు భయపడుతూ సగం నొక్కి వదిలేస్తే పురుగు లోపలే చితికిపోతుంది. పురుగు చితికితేనే అసలు తంటా. దాని ఒంట్లోని పదార్థమంతా మీ చర్మంలో పడి పెద్ద వాపు వస్తుంది, ముక్కలు మిగిలితే అప్పుడు నిజంగానే చీము పట్టి కోత పెట్టాల్సి వస్తుంది. బతికున్న పురుగు కంటే చచ్చిన పురుగు చేసే గొడవే ఎక్కువ. ఫెవిక్విక్ లాంటి జిగురు, గోళ్ల రంగు పూసి కన్నం మూసేయమని చెప్పేవాళ్లుంటారు. అవి బిగుసుకుపోయి పురుగును లోపలే చంపుతాయి. వాసెలిన్ మెత్తగా ఉంటుంది కాబట్టి అది పైకి రావడానికి దారి ఉంటుంది. సున్నం, పొగాకు, కిరోసిన్, కాల్చిన సూది, బ్లేడు ఇవన్నీ వద్దు. చర్మం కాలడం తప్ప ఫలితం ఉండదు.

తీసిన తర్వాత గుంటను యాంటీసెప్టిక్‌తో కడిగి, ఒకటి రెండు రోజులు కట్టు కట్టుకుంటే చాలు. వారం పది రోజుల్లో పూడిపోతుంది, కొన్నాళ్లు నల్లటి మచ్చ ఉంటుంది. ధనుర్వాతం టీకా చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే అది వేయించుకోండి. యాంటీబయాటిక్ అందరికీ అవసరం లేదు. గడ్డ చుట్టూ ఎర్రదనం వేగంగా పరుచుకుంటున్నా, చలి జ్వరం వచ్చినా, చిక్కటి చీము కారుతున్నా, మీకు మధుమేహం ఉన్నా మాత్రం వాసెలిన్‌తో కాలక్షేపం చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. తీసిన పురుగును చిన్న సీసాలో స్పిరిట్ పోసి అందులో వేసి డాక్టరుకు ఇవ్వండి. ఏ జాతిదో తేలుతుంది. ఇంట్లో నవ్వినవాళ్లకు చూపించుకోవచ్చు కూడా.

ఐవర్మెక్టిన్ మాత్ర గురించి ఎవరైనా చెప్పవచ్చు. దాన్ని వాడిన సందర్భాలున్నాయి. గడ్డలు చాలా ఎక్కువగా ఉన్నప్పుడు, కంటి దగ్గర లాంటి చిక్కు చోట్ల ఉన్నప్పుడు డాక్టర్లు ఆలోచిస్తారు. మీ నాలుగు గడ్డలకు అది అక్కరలేదు. మాత్రతో పురుగు లోపల చస్తే ఆ తర్వాత దాన్ని తీయాల్సిందే కదా. గర్భిణులు, చిన్నపిల్లలు దాన్ని సొంతంగా కొని మింగే పని అసలు పెట్టుకోకూడదు.

మెదడుకు పోతుందా అన్న భయం గురించి: టుంబు పురుగు చర్మం కింద దిగిన చోటే పెరిగి, అక్కడి నుంచే బయటకు వస్తుంది. రక్తంలో కలవదు, లోపలి అవయవాల జోలికి పోదు. మీ పిల్లలు మీ పక్కన పడుకున్నా, మీ గడ్డను తాకినా వాళ్లకు ఏమీ కాదు. మనిషి నుంచి మనిషికి పోయే దారి దీనికి లేదు. బట్ట నుంచి మనిషికి పోయే దారి మాత్రం ఉంది. మీ పెట్టె సంగతి అందుకే చివర్లో విడిగా చెబుతాను.

మధ్య, దక్షిణ అమెరికా వైపు వెళ్లివచ్చినవాళ్లకు

ఇదే ప్రశ్నను అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఇంకో రూపంలో అడుగుతుంటారు. కోస్టారికాకో, బెలీజ్‌కో సెలవులకు వెళ్లి, తిరిగొచ్చిన మూడు వారాలకు మాడు మీద గడ్డ. వాళ్లది వేరే ఈగ: డెర్మటోబియా హోమినిస్. దక్షిణ మెక్సికో నుంచి ఉత్తర అర్జెంటీనా దాకా ఉంటుంది. బ్రెజిల్‌లో దీన్ని బెర్నే అంటారు, పశువులకు పెద్ద బెడద.

ఈ ఈగ ఎత్తుగడను చెప్పకుండా ఉండలేను. ఇది మనిషి దగ్గరికి రాదు, బట్టల దగ్గరికీ రాదు. ఎగిరే దోమను పట్టుకుని దాని పొట్టకు తన గుడ్లు అంటించి వదిలేస్తుంది. దోమ మనల్ని కుట్టడానికి వాలినప్పుడు ఒంటి వేడికి గుడ్డు విచ్చుకుని పురుగు చర్మం మీదికి జారుతుంది, దోమకాటు గుండానో వెంట్రుక కుదురు గుండానో లోపలికి పోతుంది. అందుకే దీని గడ్డలు బట్టలు కప్పని చోట వస్తాయి: తల, ముఖం, ముంజేతులు, పిక్కలు. నాడా దగ్గర గడ్డ ఉంటే ఆఫ్రికా, మాడు మీద ఉంటే అమెజాన్ అని ముందు అనుకుని, ఆ తర్వాత పాస్‌పోర్టు అడగవచ్చు.

ఇది తొందరగా వదలదు. ఐదు నుంచి పది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం లోపల ఉంటుంది. దాదాపు అంగుళం దాకా పెరుగుతుంది. ఒంటి చుట్టూ వరుసలుగా నల్లటి ముళ్లుంటాయి, గాలపు ముల్లులా వెనక్కి తిరిగి ఉంటాయి కాబట్టి లాగేకొద్దీ బిగుసుకుంటుంది. పెరూ అడవుల్లో తిరిగివచ్చిన ఒక విద్యార్థి హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చినప్పుడు అప్పటికే స్నేహితులు రెండు రాత్రులు వాసెలిన్ పట్టించి, కనుబొమలు తీసే పట్టకారుతో ప్రయత్నించి వదిలేశారు. చెవి వెనక గ్రంథులు వాచాయి. స్నానం చేసేటప్పుడు నీళ్లు పడితే లోపల గిలగిల కొట్టుకుంటోందని చెప్పాడు. గడ్డ అడుగున మత్తుమందు సూది వేశాను. నొప్పి తెలియకుండా చేయడం ఒక ఎత్తు, ఆ మందు అడుగున చేరి పురుగును పైకి నెట్టడం ఇంకో ఎత్తు. అయినా పూర్తిగా రాలేదు. రంధ్రం అంచున చిన్న కోత పెట్టి, చర్మాన్ని రెండు వైపులా విప్పదీసి తీయాల్సి వచ్చింది. బయటకు వచ్చాక ట్రేలో ఇంకా మెలికలు తిరుగుతూనే ఉంది. ఆ కుర్రవాడు ఫోన్ తీసి వీడియో తీసుకున్నాడు. మా అటెండరు బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

అక్కడివాళ్లు గడ్డ మీద పచ్చి పంది కొవ్వు ముక్క కట్టే పద్ధతి ఒకటుంది. వినడానికి నాటువైద్యంలా ఉంటుంది గానీ సూత్రం వాసెలిన్‌దే. పైగా పురుగు ఆ కొవ్వులోకి తోక దూర్చుకుంటుంది. వైద్య పత్రికలకూ ఎక్కిన చిట్కా ఇది.

మెదడు మాట మళ్లీ ఎత్తుతున్నాను. ఈ అమెరికా ఈగ విషయంలో, మాడు ఇంకా పూడని నెలల పిల్లల తలలోకి పురుగు దిగి ప్రాణం మీదికి తెచ్చిన అరుదైన ఉదంతం ఉంది. పెద్దవాళ్లకు ఆ భయం లేదు. కానీ పసిపిల్లల తల మీద ఇలాంటి గడ్డ కనిపిస్తే ఇంటి చిట్కాలు పూర్తిగా పక్కన పెట్టాలి.

ఇది కాకపోతే ఇంకేమిటి?

ప్రయాణం చేసి వచ్చినవాళ్ల చర్మంలో కనిపించే ప్రతిదీ ఈగ పురుగు కాదు. పాదం అడుగున, గోరు పక్కన బఠాణీగింజంత తెల్లటి పొక్కు, నడుమ నల్ల చుక్క ఉంటే అది టుంగా అనే గెంతుడు పురుగు, అంటే కుక్కల ఒంటి మీద గెంతే, రెక్కల్లేని చిన్న పురుగుల (ఇంగ్లిష్‌లో ఫ్లీ) బంధువు. ఇసుకలో చెప్పులు లేకుండా నడిచినవాళ్లకు వస్తుంది. పాదం మీద ఎర్రటి గీత వంకరటింకరగా రోజుకింత పాకుతుంటే అది కుక్కల కొంకిపురుగు పిల్ల, దానికి మాత్ర సరిపోతుంది. రాయలసీమలో, తెలంగాణలో పాతతరం వాళ్లు చర్మంలో పురుగు అనగానే నారికురుపు అంటారు. అది తాగునీటితో వచ్చే వేరే జబ్బు, కాలిలోంచి మూరెడు పొడవు దారంలా వచ్చేది. మన దేశంలో చివరి కేసు 1996లో వచ్చింది, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకు ఆ జబ్బు లేదని ధ్రువీకరించింది. దాన్ని తలచుకుని బెంగపడకండి.

మన ఊళ్లలో పుండుకు పురుగులు పట్టడం ఇంకో సంగతి. కదలలేని ముసలివాళ్ల పుండ్లు, మధుమేహుల కాళ్లు, పశువుల గాయాలు, అక్కడ ఈగ నేరుగా పుండు మీదే గుడ్లు పెడుతుంది. ఆసియాలో ఆ పని చేసే క్రైసోమియా బెజియానా బతికున్న కండనే తొలుచుకుపోతుంది. దానికి వాసెలిన్ పూస్తూ కూర్చుంటే రోజురోజుకూ కండ పోతుంది, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అమెరికా ఖండాల్లో దాని జోడీ కాక్లియోమియా హోమినివోరాక్స్. మగ ఈగలను వికిరణంతో గొడ్డుపోయేలా చేసి కోట్లకొద్దీ వదిలి, ఆ జాతిని అమెరికా నుంచి పనామా దాకా తరిమేశారు. ఆ ఆలోచన చేసిన నిప్లింగ్, బుష్‌లాండ్‌లకు 1992లో ప్రపంచ ఆహార బహుమతి కూడా వచ్చింది. అయితే 2023లో ఆ ఈగ పనామాలో మళ్లీ విజృంభించింది, ఒక్కో దేశమే దాటుకుంటూ 2024 నవంబరుకు మెక్సికో చేరింది. ఎల్ సాల్వడార్ నుంచి అమెరికాకు తిరిగొచ్చిన ఒక ప్రయాణికుడిలో 2025 ఆగస్టులో దాన్ని నిర్ధారించారు. ఆ దేశాలకు వెళ్లేవాళ్లు ఒంటి మీద చిన్న గాయమున్నా కట్టు కట్టుకుని తిరగాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి, సున్నితమైన విషయమైనా. ఏ దేశమూ వెళ్లకుండా, చర్మం మీద రంధ్రమేదీ లేకుండా, ఒళ్లంతా పురుగులు పాకుతున్నాయని నమ్మేవాళ్లుంటారు. అగ్గిపెట్టెలో గుడ్డపీచు, పొక్కుల చెక్కులు దాచి తెచ్చి, ఇవే పురుగులని చూపిస్తారు. వాళ్ల బాధ నిజమైనది, పురుగు మాత్రం ఉండదు. వాళ్లకు వేరే వైద్యం ఉంది, అది కుదురుతుంది కూడా. ఈ జవాబు చదివి వాసెలిన్ డబ్బా ఖాళీ చేయకుండా ఒకసారి డాక్టరు చేత చూపించుకోండి. అనుమానంగా ఉంటే అల్ట్రాసౌండ్ చేస్తే లోపల పురుగు ఉందో లేదో, కదులుతోందో తెలిసిపోతుంది.

మీ పెట్టె, మీ దండెం

ఘనా నుంచి తెచ్చిన బట్టలు ఉతికినవైనా సరే, తొడుక్కోవద్దు, పిల్లల బట్టలతో కలపవద్దు. అన్నింటినీ బాగా వేడెక్కిన ఇస్త్రీపెట్టెతో రెండు వైపులా, నెమ్మదిగా ఇస్త్రీ చేయించండి. చొక్కా ముందు భాగం తళతళలాడితే సరిపోదు. కుట్లు, నడుము పట్టీలు, నాడా దూరే మడతలు, జేబుల లోపలి వైపు, అక్కడే అవి ఉంటాయి. ఆఫ్రికాలో పనివాళ్లు బనియన్లు, మేజోళ్లు, తువ్వాళ్లు కూడా బొగ్గుల ఇస్త్రీపెట్టెతో రుద్దుతుంటే మనవాళ్లు అది అనవసరపు చాదస్తమనుకుంటారు. అది అక్కడి ఇల్లాళ్ల ప్రజారోగ్య శాఖ. ఇస్త్రీకి పనికిరాని స్వెట్టర్ల లాంటివి సంచిలో బిగించి కట్టి మూడు వారాలు పక్కన పడేయండి. తిండి దొరకక చస్తాయి.

తిరిగి వెళ్లాక బట్టలు ఇంటి లోపల, కిటికీలకు దోమతెర ఉన్న గదిలో ఆరేసుకోండి. బయట వేయక తప్పకపోతే నేలకు ఎత్తుగా, మండుటెండలో వేసి, ఆరగానే తీసి ఇస్త్రీ చేయండి. తడి బట్టలు గడ్డి మీద, పొదల మీద పరచవద్దు. ఇసుకలో ఒట్టి ఒంటితో పడుకోవద్దు. ఇంట్లో కుక్క ఉంటే దాని ఒళ్లు తడిమి చూడండి. మనుషుల కంటే ముందు దానికే గడ్డలు వస్తాయి, అది పడుకునే గోనెపట్టా కింద ఇసుకలోనే ఈగల కుటుంబమంతా ఉండవచ్చు.

కుమాసిలో మీతో ఒకే ఇంట్లో ఉంటున్న మిత్రులకు ఈ రోజే ఫోన్ చేయండి. వాళ్ల బట్టలూ అదే తాడు మీద ఆరాయి కదా. ‘దోమ కుట్టింది’ అని గోక్కుంటున్నవాడు ఒకడైనా ఉంటాడు.